నాలుగో తరం దాటాక

తద్దినం పెట్టే ఇళ్లలో పురోహితుడు మూడు తరాల పేర్లు అడుగుతాడు. తండ్రి, తాత, ముత్తాత. అంతకు పైవాళ్ల పేర్లు అక్కర్లేదు, వాళ్లు పితృదేవతల గుంపులో కలిసిపోయినట్టే. తద్దినాల అలవాటు లేని ఇళ్లలో లెక్క ఇంకా చిన్నది. పండగనాడు పెద్దలకు బట్టలు పెట్టి, వండినవి ముందుంచి, గుర్తున్నంతవరకు పేర్లు తలుచుకుని దణ్ణం పెడతారు. మరి నాలుగో తరం దాటిన మనిషిని ఎవరు గుర్తుపెట్టుకోవాలి? తెలుగునేల మీద ఈ పని కొన్ని వందల ఏళ్లుగా కథ చెప్పేవాళ్లది. పోయినవాళ్లను తలచుకోవడం వాళ్లకు కులవృత్తి, అందుకు ప్రతిఫలం అడిగి తీసుకోవడం వాళ్ల హక్కు. ఇవాళ జానపద కళ అని పేరుపెట్టి, ఉత్సవ వేదికల మీద ఆటపాటల మధ్య పావుగంట కేటాయిస్తున్న వాటిలో చాలావాటి అసలు కొలువు ఇది.

ఏడుపు ఇంట్లోనే మొదలవుతుంది. శవం వాకిట్లో ఉండగా పెద్దామె ఒకతె రాగం ఎత్తుకుంటుంది. తెలంగాణలో శోకాలు పెట్టడం అంటారు, కోస్తాలో రాగాలు తీసి ఏడవడం అంటారు. పోయినవాడు ఎదురుగా కూర్చున్నట్టే అతణ్ణి పిలుస్తుంది, నిలదీస్తుంది, చేసిన మంచీ చెడూ చెబుతుంది. కొత్త చుట్టం వాకిట్లో అడుగుపెట్టగానే వాళ్ల మెడ చుట్టుకుని కథ మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటుంది. ఆ చుట్టానికీ పోయినవాడికీ మధ్య జరిగిందేమిటో అప్పటికప్పుడు అందులో చేరిపోతుంది. పాత్ర, సంభాషణ, సభ అన్నీ ఉన్న ఈ ప్రదర్శనను మన సాహిత్య చరిత్రలు నాటకంగా లెక్కించలేదు. దినవారాలు గడిచేసరికి అది ఆగిపోతుంది. ఆ తర్వాత కథ ఇంటి ఆడవాళ్ల చేతిలోంచి బయటి కథకుడి చేతిలోకి వెళుతుంది. ఎందుకు వెళుతుందన్నదే నాకు ఆసక్తి కలిగించే సంగతి. బాగా దగ్గరి మనిషి కోసం ఎవరైనా ఏడుస్తారు. ఎప్పుడో పోయినవాడి కోసం ఏడవాలంటే నేర్పు కావాలి, తీరిక కావాలి, ఎవరో ఒకరు ఆ బాధ్యత మోయాలి.

రాతి సాక్ష్యం ముందు వస్తుంది. రాయలసీమలో, తెలంగాణలో పొలిమేరల్లో, చెరువు గట్ల మీద వీరగల్లులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆలమందను దొంగల నుంచి కాపాడబోయి పడినవాడు, ఊరి కోసం పోరాడి పడినవాడు, పులితో తలపడినవాడు. కొన్నిటిమీద శాసనం ఉంటుంది, చాలావాటిమీద బొమ్మే. కింది అంతస్తులో పోరు, మధ్యలో వీరుణ్ణి మోసుకుపోయే అప్సరసలు, పైన శివ సన్నిధి అనే వరుస దక్కను అంతటా తెలిసిందే. శ్రీశైలంలో రెడ్డిరాజు అనవేమారెడ్డి 14వ శతాబ్దంలో వీరశిరోమండపం కట్టించాడు, అక్కడ భక్తులు తమ తలలను, అవయవాలను అర్పించుకునేవారు. రాయి చావును చూపిస్తుంది గానీ పోయినవాడు ఎలాంటివాడో చెప్పదు. దానికి నోరు కావాలి.

ఆ నోరు ఎలా ఉండేదో ‘క్రీడాభిరామం’ చూపిస్తుంది. గ్రంథకర్త వినుకొండ వల్లభరాయుడా, శ్రీనాథుడా అన్న తగువు పండితులకు వదిలేద్దాం. కాకతీయుల ఓరుగల్లు వీధుల్లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు తిరుగుతూ చూసినవన్నీ అందులో ఉన్నాయి. ఒకచోట పల్నాటి వీరుల కొలుపు జరుగుతోంది. ఒక స్త్రీ వేగమైన తాళంతో వాద్యం మోగిస్తూ ద్విపదలో వీరుల కథ పాడుతోంది. ఆమె పలికే ఒక్కో అక్షరానికీ కుర్రవాళ్లు కేకలు పెడుతూ తూలిపోతున్నారు. ఇంకోచోట బవనీలు అనే పాటగాళ్లు వాద్యం మోగిస్తూ పరశురాముడి కథలు పాడుతున్నారు. ఈ వర్ణనలో నన్ను ఆపేది ఆ తూలిపోవడం. అది రసాస్వాదన కాదు. యుద్ధం జరిగింది పల్నాట్లో, ఊగిపోతున్నది ఓరుగల్లులో. తమ ఊరివాళ్లు కాని మృతుల కోసం ఒంటిమీద స్పృహ తప్పే స్థితికి కుర్రకారును తీసుకువెళ్లిన గొంతు ఒక ఆడమనిషిది. తర్వాతి శతాబ్దాల్లో వీరగాథలు పాడే పని దాదాపు మగవాళ్ల సొత్తయింది. ఈ ఒక్క పద్యం లేకపోతే మొదట్లోనూ అంతేనని అనుకునేవాళ్లం.

పల్నాటి కథ దగ్గర కాస్త నిలబడాలి. 12వ శతాబ్దం చివరి భాగంలో గురజాల, మాచర్ల దాయాదుల మధ్య కారెంపూడిలో జరిగిన పోరు అది. నలగామరాజు పక్షాన నాయకురాలు నాగమ్మ, మలిదేవుల పక్షాన బ్రహ్మనాయుడు. శ్రీనాథుడు దీన్ని మంజరీ ద్విపదలో రాశాడని ప్రతీతి. అక్కిరాజు ఉమాకాంతం 1911లో ‘పల్నాటి వీరచరిత్ర’ను అచ్చులోకి తెచ్చారు. పుస్తకం వచ్చాక చదువుకున్నవాళ్లకు ఇది చరిత్రా, కల్పనా అన్న చర్చ మొదలైంది. కారెంపూడి నాగులేటి ఒడ్డున ఆ చర్చకు చోటు లేదు. అక్కడ అది ఏటా జరిగే చావు.

కార్తీక అమావాస్యతో మొదలై ఐదురోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరాచారవంతులు తమ ఇళ్లలో తరతరాలుగా దాచుకున్న వీరుల ఆయుధాలను, కొణతాలను, పట్టుకుని ఊళ్ల నుంచి వస్తారు. ఆ ఆయుధం ఏ వీరుడిదో ఆ వీరుడే వచ్చినట్టు. నాగులేటిలో వాటికి స్నానం చేయిస్తారు, వీరుల గుడి దగ్గర నిలబెడతారు. 66 మంది వీరులని లెక్క. రాయబారం రోజున మాచర్ల పక్షాన అలరాజు రాయబారానికి వెళ్లి విషానికి బలైన కథ. మందపోరు రోజున ఆలమందను కాపాడబోయి లంకన్న పడిపోయిన కథ. అదే రోజు చాపకూడు. కులాలన్నీ ఒకే చాప మీద కూర్చుని తినాలని బ్రహ్మనాయుడు పెట్టాడన్న కట్టడి అది. కల్లిపాడు రోజున యుద్ధం. ఆయుధాలు పట్టినవాళ్లు ఊగుతారు, పరిగెడతారు, ఒరుగుతారు. ఒరిగిన మనిషిని మళ్లీ లేపడానికి తీర్థం చల్లాలి.

వరుస చూడండి. కథలో కోడిపందెం ముందు జరుగుతుంది, అందులో ఓడిపోయే మాచర్లవాళ్లు వలసపోతారు. వలసలో ఉండగా మందపోరు, తిరిగివచ్చాక రాయబారం. ఉత్సవంలో రాయబారం ముందు, కోడిపోరు నాలుగో రోజు. చరిత్రకారుడికిది తప్పు వరుస. దుఃఖించే మనిషి మాత్రం కారణం నుంచి ఫలితానికి నడవడు. ముందు పోయినవాడు గుర్తొస్తాడు, ఆ తర్వాత ఇదంతా ఎక్కడ మొదలైందని వెనక్కి వెళతాడు. చావింట్లో శోకాలు పెట్టే ఆడవాళ్ల కథనమూ ఇంతే. ఉత్సవం ఈ వరుసలో ఎందుకు కుదిరిందో చెప్పే వేరే కారణాలు ఉండవచ్చు, నాకు మాత్రం ఇది ఏడుపు వరుస అనిపిస్తుంది.

ఇక పాడేదెవరు? వీరవిద్యావంతులు. వీళ్లు మాలలు. పల్నాటి కథ పిచ్చకుంట్లవాళ్లూ చెబుతారు, కానీ కారెంపూడిలో వీరుల సన్నిధిలో పాడే అధికారం విద్యావంతులది. పంబజోడు, తిత్తి, తాళాలు, కథకుడి చేతిలో కత్తి. వెలమ నాయకుల కథ, రాజుల కథ, దాయాదుల పగ, అంతా మాల గాయకుడి జ్ఞాపకంలో భద్రంగా ఉంటుంది. బ్రహ్మనాయుడు కొడుకుగా చేసుకున్న సేనాధిపతి కన్నమదాసు మాలవాడే కాబట్టి ఆ కథలో పాడేవాడి పూర్వీకుడూ ఉన్నాడు. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోగెయిర్ 1970లలో పల్నాడు వచ్చి, అలిసెట్టి గాలెయ్య అనే విద్యావంతుడు పాడిన కథను రికార్డు చేసి, అనువదించి 1982లో పుస్తకంగా తెచ్చాడు. శ్రీనాథుడి కావ్యంలో మనకు దొరికేది కథలో ఒక భాగం. గాలెయ్య గొంతులో మొత్తం ఉంది. వీరుల పుట్టుక నుంచి బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయేదాకా. తెలుగు విశ్వవిద్యాలయాలు చేయవలసిన పని ఇంకెవరో చేశారని బాధపడటం కంటే, ఆ పుస్తకం చదివినవాళ్లు మనలో ఎంతమందో అడగడం మేలు.

పైకులం పూర్వీకులు కిందికులం నోట్లో బతకడం కారెంపూడికి మాత్రమే చెందిన సంగతి కాదు. తెలంగాణలో ప్రతి వృత్తికులానికీ దాన్ని ఆశ్రయించి బతికే కథకుల కులం ఒకటి ఉంది. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెబుతారు. గౌడులకు జెట్టివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, విశ్వబ్రాహ్మణులకు రుంజవాళ్లు, మాదిగలకు చిందువాళ్లు, డక్కలివాళ్లు. మందెచ్చులవాళ్లు రంగులేసిన కొయ్యబొమ్మలు వరసగా నిలబెట్టి గొల్లలకు కాటమరాజు కథ చెబుతారు. ఎర్రగడ్డపాడు పోరులో పడిన యాదవ వీరుల కథ అది. కోస్తాలో, నెల్లూరు సీమలో అదే కథను కొమ్మువాళ్లు గంగజాతరలో పాడతారు. నెల్లూరు మనుమసిద్ధి పక్షాన పోరాడి పోయిన ఖడ్గతిక్కన కూడా అందులో వస్తాడు. అంటే ఒకే పోరులో రెండు వైపులా పడినవాళ్లకు ఒకే కథలో చోటు ఉంది.

ఈ ఆశ్రిత కులాలవాళ్ల దగ్గర పటం ఉండేది, చాలామంది దగ్గర ఇప్పటికీ ఉంది. చేర్యాల నకాశీ చిత్రకారులు గుడ్డ మీద రాసే పొడవాటి పటం. గడులు గడులుగా కథ సాగుతుంది, కథకుడు కర్రతో చూపిస్తూ చెబుతాడు. కులం ఎలా పుట్టింది, మూలపురుషుడు ఎవరు, ఎవరి శాపం, ఎవరి వరం, చివరికి మన ఊరి ఫలానా ఇంటిదాకా. పటం ముందు టెంకాయ కొట్టకుండా కథ మొదలవదు. పాతబడి చిరిగిన పటాన్ని మూల పడేయరు, మనిషికి చేసినట్టే మర్యాదలు చేసి నీళ్లలో కలుపుతారు. ఏ ఊరు ఎవరి వాటా, ఏ ఇంటినుంచి ఎంత త్యాగం, అంటే కథకుడికిచ్చే ప్రతిఫలం, రావాలి అన్నది రాసుకున్న ఒప్పందం లాంటిది. అన్నదమ్ములు విడిపోతే ఊళ్లు పంచుకునేవారు. ఆ ఏడాది కథకుడు రాకపోతే ఆ ఇంటి పెద్దలకు లోటు. వచ్చినవాణ్ణి పంపేస్తే ఆ ఇంటి పేరుకు లోటు.

ఇక్కడ ఒక మాట ఘాటుగా చెప్పాలి. ఈ ఏర్పాటును అందమైన పాత రోజులని మురిసిపోవడం నాకు నచ్చదు. మాదిగ ఇంట్లో జాంబపురాణం చెప్పే డక్కలివాడు, సృష్టికి ముందే తమ మూలపురుషుడు పుట్టాడని ఘనంగా చెప్పే ఆ మనిషి, చాలా ఊళ్లలో ఆ మాదిగ ఇంటి లోపలికి రాకూడదు. కథకుడు పెద్దలను మోస్తాడు, కథకుణ్ణి ఎవరూ మోయరు. పిచ్చకుంట్ల అన్న పేరే తిట్టుగా మారి, చివరికి ఆ కులంవాళ్లు వంశరాజ్ అనే పేరు తెచ్చుకున్నారు. పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. దానికి ముందు ఆ కిన్నెర ఎంతమంది వాకిళ్ల ముందు మోగి ఉంటుందో, ఎన్ని వాకిళ్లు తెరుచుకోలేదో మనకు లెక్క లేదు.

ఆదిలాబాద్ వైపు వెళితే ఈ సంబంధం ఇంకో రూపంలో కనిపిస్తుంది. రాజగోండులకు పర్ధాన్లు కథకులు, తోటీలు కూడా. చేతిలో కిక్రి అనే తీగవాద్యం. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లలో వీళ్ల మధ్య ఉండి రాసిన పుస్తకాల్లో స్పష్టంగా నమోదైన సంగతి ఏమిటంటే, గోండు చనిపోతే పర్ధాను లేకుండా కర్మ పూర్తికాదు. కిక్రి మోగాలి, వంశగాథ పాడాలి, పోయినవాడు పెర్సాపేన్‌ను, తన గోత్రపు పెద్దలను చేరుకోవాలి. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశస్థులు గోదావరి నుంచి నడిచి నీళ్లు తెస్తారు. జాతరకు ముందు మర్రిచెట్టు నీడలో తూం పూజలు చేసి, ఆ మధ్యకాలంలో పోయిన తమవాళ్లను తలుచుకుంటారు. తర్వాత కొత్త కోడళ్లను నాగోబాకు చూపిస్తారు, అది భేటింగ్. పోయినవాళ్ల లెక్కా వచ్చినవాళ్ల లెక్కా ఒక్క జాతరలోనే తేలుతుంది.

తమవాళ్లు కానివాళ్ల కోసం ఏడవడం ఓరుగల్లు కుర్రవాళ్లతో ఆగిపోలేదు. పీర్ల పండగ చూసినవాళ్లకు తెలుసు. 680లో కర్బలాలో చనిపోయిన హుస్సేన్ కోసం తెలంగాణ పల్లెల్లో హిందూ రైతులు పీరును ఎత్తుకుంటారు, అలావు అనే నిప్పుల గుండం చుట్టూ తిరుగుతారు, హసన్ హుస్సేన్ల కథ తెలుగులో పాడతారు. కుతుబ్‌షాహీల కాలం నుంచి హైదరాబాదులో మొహర్రం రాజలాంఛనంగా సాగింది, పల్లెల్లో అది వేరే దారి పట్టి మన వీరుల కొలుపుల పక్కన చేరిపోయింది. చిత్తూరు సీమలో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర పద్ధెనిమిది రోజుల భారతంలో పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చివరిరోజు నేలమీద మట్టితో చేసిన దుర్యోధనుడి భారీ విగ్రహం. ఆ శత్రువు చావుకు కూడా నాటకంలో ఏడుపు ఉంది.

బొబ్బిలి సంగతి క్లుప్తంగా. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యమూ, విజయనగరం సైన్యమూ కోటను ముట్టడించినప్పుడు లోపలి ఆడవాళ్లనూ పిల్లలనూ తమవాళ్లే చంపుకోవడం, ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజును చంపడం ఓర్మ్ ఇంగ్లీషు చరిత్రలోనూ ఉంది, దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్ర’లోనూ ఉంది. బొబ్బిలి రాజులు స్మారక స్తంభం కూడా నిలబెట్టారు. జనానికి మాత్రం ఆ యుద్ధం జంగంకథగానే దొరికింది, ఏడ్చింది కూడా అక్కడే.

జంగంకథ బుర్రకథగా మారిన చోట పోయినవాళ్ల జాబితా మారిపోయింది. బుర్రకథలో ముగ్గురు. నడుమ కథకుడు, ఒకపక్క రాజకీయం చెప్పే వంత, ఇంకోపక్క హాస్యం చెప్పే వంత. ఈ అమరికను తేలిగ్గా తీసుకోకూడదు. పల్నాటి కథలో బాలచంద్రుడు భార్య మాంచాలను వదిలి యుద్ధానికి వెళ్లే ఘట్టంలో జనం గొంతు పూడుకుపోతుందనగా హాస్యగాడు అడ్డు తగులుతాడు, జనం నవ్వేస్తారు, ఆ నవ్వు మీద కథకుడు మళ్లీ ఏడిపిస్తాడు. రాత్రంతా ఒకే పట్టున ఏడవడం మనిషికి చేతకాదని ఈ కళ కట్టినవాళ్లకు తెలుసు. ఈ కిటుకు షేక్ నాజర్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదనే చెప్పాలి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పేద దూదేకుల ఇంట్లో పుట్టిన మనిషి, పల్నాటి యుద్ధమూ బొబ్బిలి యుద్ధమూ అల్లూరి సీతారామరాజూ చెప్పి జనాన్ని ఏడిపించాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో కన్నుమూశాడు.

1943లో ప్రజానాట్యమండలి ఏర్పడ్డాక అదే గుమ్మెట, అదే తంబుర కొత్త మృతుల కోసం మోగాయి. తెలంగాణ సాయుధ పోరాటంలో దొడ్డి కొమరయ్య 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకీ గుళ్లకు పడిపోయాడు. అంతకుముందే భూమి కోసం పోరాడి షేక్ బందగీ హతుడయ్యాడు. ఆయన కథ మీదే సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు ‘మాభూమి’ నాటకం కట్టారు. సర్కారు దాన్ని నిషేధించింది. అప్పటిదాకా కథ చెప్పించుకోవాలంటే వీరుడికి వంశం ఉండాలి, ఆ వంశం మీద హక్కున్న కథకుడు ఉండాలి. గొర్రెలకాపరి కొమరయ్య కోసం ఊరూరా పాడినప్పుడు ఆ రెండూ అవసరం లేకపోయాయి. ఒక మనిషికి చనిపోయిన ఏడాదిలోనే వీరకథ దొరకడం కొత్త. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను ఉద్యమానికి తిప్పాడు. తర్వాత జననాట్యమండలి రోజుల్లో వంగపండు జముకు పట్టాడు, గద్దర్ గొంగడి కప్పుకుని అమరుల పాటలు పాడాడు. ఎర్ర స్తూపాలు ఊళ్లలో లేచాయి, వాటి ముందు ఏటా పాట. వీరగల్లు, వీరవిద్యావంతుడు అన్న పాత జోడీ మళ్లీ కలిసింది. 2002లో మొదలైన ధూంధాం, ఆ తర్వాత ప్రత్యేక రాష్ట్రం కోసం ప్రాణాలు తీసుకున్న పిల్లల కోసం పాడిన వేదికలు ఇదే దారిలోవి. ఒక తేడా ఉంది. వీటిలో హాస్యగాడికి చోటు తగ్గిపోయింది, అమరుడు పొరపాట్లు లేని మనిషి అయ్యాడు. పల్నాటి కథలో బాలచంద్రుడికి తల్లిమీద కోపం ఉంది, భార్యను వదిలేసి వేశ్యవాటికలో గడిపిన చరిత్ర ఉంది. అయినా జనం ఆయన కోసం తక్కువ ఏడవలేదు.

పట్నాల్లో, కోస్తా ఊళ్లలో ఈ పని పద్యనాటకానికి దక్కింది. బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్రీయం’లో కాటి సీను వస్తుందంటే అర్ధరాత్రి దాటినా జనం కదలరు. చంద్రమతి లోహితుణ్ణి ఎత్తుకుని కాటికి వస్తుంది, కాటికాపరి సుంకం అడుగుతాడు. నటులు జాషువా శ్మశానం పద్యాలను ఆ సీనులోకి తెచ్చి కలిపేశారు, రాసినాయనకు సంబంధం లేని నాటకంలో అవి స్థిరపడిపోయాయి. వన్స్‌మోర్ కేకలు పడేది ఆ పద్యాలకే. ఏడుపుకు వన్స్‌మోర్ అడగడం వింతగా తోస్తుంది గానీ, చావింట్లో కొత్త చుట్టం రాగానే శోకం మొదటినుంచి ఎత్తుకునే పెద్దామె చేసేదీ అదే.

ఇప్పుడు తెలంగాణ పల్లెల్లో దినాల రాత్రి ఒగ్గుకథో, శారదకథో చెప్పించడం ఉంది. టెంటు, ఫ్లెక్సీ మీద పోయినాయన ఫొటో, మైకు. ఒగ్గుకథకుడు మల్లన్న కథో ఎల్లమ్మ కథో ఎత్తుకునే ముందు ఇంటివాళ్ల దగ్గర పేర్లు కనుక్కుంటాడు. కొడుకులెవరు, కోడళ్లెవరు, దుబాయిలో ఉన్నదెవరు, ఆఖరి చూపుకు అందనిదెవరు. కథ మధ్యలో ఆ పేర్లు పాటలోకి వస్తాయి, డోలు తగ్గుతుంది, కూతురు పేరు రాగానే ఆడవాళ్ల వైపు నుంచి ఏడుపు లేస్తుంది. అప్పుడొకరు లేచి కథకుడి చేతిలో నోటు పెడతారు. ఫలానా అల్లుడుగారు ఇంత కట్నం చదివించారని మైకులో పేరుతో సహా వినిపిస్తుంది. దాంతో రెండో అల్లుడూ లేవక తప్పదు. మరుసటి రోజుకి వీడియో యూట్యూబులో ఉంటుంది, సెలవు దొరక్క రాలేకపోయిన కొడుకు గల్ఫులో గదిలో కూర్చుని చూస్తాడు. కట్నాల జాబితా చదివే భాగాన్ని ముందుకు జరిపేసి చూస్తాడో, తన పేరు మీద ఇంటివాళ్లు ఎంత చదివించారో చూస్తాడో చెప్పలేం. కథకులు మాత్రం ఆ జాబితాను తీసేయడానికి ఒప్పుకోరు. త్యాగం ఎగిరిపోయిన కాలంలో వాళ్లకు మిగిలిన రాబడి అది.